నూటికి రెండు

మైదాకు జ్ఞాపకం ఉండదప్పా,
వేళ్ళకే ఉంటాది.
పద్దెనిమిదేండ్లు నేను మడతేసిన పఫ్ పొరలు
విప్పి పరిస్తే
సంతపేట నుంచి రాయవేలూరు దాకా వస్తాయి.

తెల్లారుజాము మూడింటికి
గిరింపేటలో కుక్కలూ నేనూ మేలుకునుంటాం.
బండ మీద పిండి, పిండి మీద పచ్చటి పలక.
మార్జరిన్ అనేది ఓనరు సుందరేశం నోటికే,
మాకది పలక.
చిత్తూరు ఎండకు కరగదు, చేతికి లొంగతాది,
నెలలు గడిచినా కుళ్ళదు,
చీమ కూడా ముట్టదు.
చీమ ముట్టనప్పుడే
నేను అడిగుండాల్సింది.

చెనక్కాయల సీమ మాది.
మా మేనత్త ఖైరున్ కాయలు ఒలిచి ఒలిచి
బొటనవేలి గోరు పోగొట్టుకునింది.
ఆ కాయల నూనె పారతాది, జారతాది,
గిన్నె వంచితే దారి వెతుక్కుంటాది.
అట్లాంటి నూనెకు యాడో ఫ్యాక్టరీలో
గ్యాసు ఎక్కించి
నిలబడడం నేర్పినారంట.
ఎముకలేనిదానికి ఎముక పెట్టి
రేకు డబ్బాలో కూచోబెట్టినారంట.
మన ఒంట్లోకి దిగినాక కూడా
దానికి ఆ నిలబడే బుద్ధి పోలేదంట.

మునస్వామికి ఇవేవీ తెలవవు.
లోడు ఆటో ఇంజను ఆపకుండానే
చెయ్యి చాపేవాడు,
రోజూ రెండు కోడిగుడ్డు పఫ్‌లు, ఒక టీ.
మీసంలో ఇరుక్కున్న పొట్టును
నాలుకతో లాక్కునేవాడు.
నలభై ఒకటో ఏడు నడస్తా ఉండింది.
మంగళవారం, మిట్టూరు మలుపులో
బండి పక్కకు తీసి రొమ్ము పట్టుకున్నాడు.
గ్యాసేలే, సోడా తాగితే పోతాది అన్నాడు.
సోడా తాగినాడు.
కాట్పాడి రాకముందే అయిపోయింది.

గ్యాసే.
కాకపోతే అది వాని కడుపులో పుట్టింది కాదు.

నన్ను ఎవురూ ఏమీ అనలేదు.
బీడీలు అన్నారు, ఫైనాన్సోళ్ళు అన్నారు,
చివరికి వాని రాత అన్నారు.
రాత సంగతి నాకు తెలవదు,
పలక మాత్రం నా చేతిలోనే ఉండింది.

ఆ తర్వాత చాన్నాళ్ళకు
నళినాక్షి అని ఫుడ్డు మేడమొకామె వచ్చింది.
పలకను నాలుగు ముక్కలు కోయించి
నాలుగు సీసాల్లో పెట్టించి
లక్క కాల్చి సీలేసింది.
సుందరేశం చొక్కా వీపంతా తడిసిపోయింది.
నూటికి రెండు పాళ్ళు దాటకూడదు, ఆమె చెప్పింది,
చిత్తూరులోనే కాదు, దేశదేశాల్లో
దీన్ని కూటిలోంచి ఏరి పారేస్తా ఉండారని.
ఏరడం అంటే
బియ్యంలో రాళ్ళు తెలుసు నాకు.
కనిపించని రాయిని ఎట్లా ఏరతారమ్మా, అన్నా.
ఆమె నా పక్క చూడకుండా
"మూత గట్టిగా బిగించు" అనింది.

కొత్త పలక వచ్చింది.
సిగ్గుపడే పిల్లలాగా ముట్టుకుంటే చెమటలు.
మొదటి వారం పఫ్‌లన్నీ చప్పిడి ముక్కులే,
పొరకు పొర అతుక్కోని
అట్టముక్కల మాదిరి.
ఐసుగడ్డ తెచ్చి బండను చల్లబెట్టి
మూడింటికి లేచేది రెండింటికి లేచినా.
ఖర్చు రాసుకుంటా సుందరేశం
మేడమ్‌నూ నన్నూ కలిపి తిట్టినాడు.
తిట్లు కూడా పద్దులో రాసుంటే బాగుండు.

ఈ పొద్దు పూల మూటల గుణశేఖర వచ్చినాడు,
మునస్వామి ఆటోనే, కొన్నాడు,
ముందరి అద్దం మీద వాని పేరు
ఇంకా చెరపలేదు.
రెండు పఫ్‌లు తిని మొగం చిట్లించి
"ముందరి మాదిరి లేదే మాస్టరూ,
నోట్లో నిలబడ్డంలేదు" అన్నాడు.
రెండు రూపాయలు తక్కువిచ్చి
రేపిస్తానన్నాడు.

రేపు.
చచ్చినోళ్ళకు పేపర్లో ఫోటో వేస్తారు గానీ
చావు తప్పినోనికి
తప్పిందని చెప్పేదెవురు? వానికే తెలవదు.
వాడు రుచి తగ్గిందని తిట్టుకుంటా పోతాడు.

ట్రే చేతిలో పట్టుకోని అట్లనే నిలబడినా.
ఇంజను చప్పుడు మిట్టూరు మలుపులో
కొంచెం గుక్క తిప్పుకొని,
గేరు మార్చి,
అవతలికి పోయింది.

ఐసు కరగతా ఉండాది.
పిండి మీదికి వంగినా.